సున్నం మీద ఎర్ర మరక

నా బండిలో ఎక్కిన సరుకును నేను రుచి చూడను. బండి కొన్న నాడే పెట్టుకున్న నియమం ఇది. జంతికల డబ్బాలు మోసినా ఒక్క జంతిక విరవలేదు. మామిడిపళ్ళ బుట్టలు మోసినా ఒక్క పండు చేతిలోకి తీసుకోలేదు. ఒకరి సరుకు ఇంకొకరికి చేర్చే మనిషి చెయ్యి శుభ్రంగా ఉండాలని నా పట్టుదల. ఈ సంగతి వీధిలో కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేదాన్ని కూడా.

మాది ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టరు. మా ఆయన వర్క్‌షాపులో రైలు పెట్టెలు బాగుచేసే ఫిట్టరు. ఆయన తండ్రీ, తాతా కూడా అక్కడే చేశారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లో మూడు తరాలు గడిచిపోయాయి మాకు. పిల్లలిద్దరి పెళ్ళిళ్ళూ అయ్యాక ఇంట్లో కూచుని సీరియళ్ళు చూడటం నా వల్ల కాలేదు. నలభై ఎనిమిదో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నాను. కిందటేడు విశ్వకర్మ పూజకు పది రోజుల ముందు చిన్న లగేజీ వ్యాను కొన్నాను. ముందు ఇద్దరు కూచునే క్యాబిన్, వెనక సరుకు కోసం నాలుగు వైపులా మూసిన రేకు పెట్టె. ఆ పెట్టెను ఇక్కడ అందరూ డబ్బా అంటారు. "ఆడదానివి, నీకు లగేజీ బండేటమ్మా, జనం ఎక్కే బండి కొనుక్కోలేకపోనావా?" అని అడిగింది పక్క క్వార్టరావిడ. "అది కొంటే మొదట నువ్వే ఊరికే ఎక్కేస్తావని" అన్నాను. ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

నోరు నాకు కొంచెం ముందు నడుస్తుంది. బుద్ధి వెనకాల వస్తుంది. ఈ కథంతా ఆ దూరం వల్లే వచ్చింది.

నేను రోజూ మోసే సరుకు మురీ. మరమరాలను ఇక్కడ మురీ అంటారు, మేమూ అలాగే అనేస్తాం. పట్టాలు దాటి ఆరు మైళ్ళు పోతే ఒక పల్లె ఉంది. అక్కడ ఒక బెంగాలీ దీదీ మట్టి పొయ్యి మీద ఇసక కాచి, అందులో బియ్యం వేయించి మురీ తీస్తుంది. మెషీన్ మురీ తెల్లగా, బొద్దుగా ఉంటుంది. ఈమెది సన్నగా, కొంచెం ఎర్రగా ఉంటుంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. ఆ పొయ్యే ఆమెకు అన్నం పెడుతోంది. బస్తా మూతిని పాత చీర ఎర్ర అంచు చింపి కడుతుంది. ఆ ఎర్ర పేలిక చూస్తే గోల్‌బజార్‌లో ఇది ఫలానా వాళ్ళ మురీ అని తెలిసిపోవాలని. తెల్లవారాక వెళ్ళి బస్తాలు ఎక్కించుకుని, బజారులో ఒక పాత కిరాణా కొట్టుకు చేర్చడం నా పని. కొట్టు యజమానిని నేను అన్నా అన్నట్టు దాదా అంటాను, ఆయన నన్ను వదినా అన్నట్టు భాభీ అంటాడు.

ఈసారి శ్రావణంలో గానీ వానలు మొదలవలేదు. కిందటేడు కొన్నాక వానలు అంతగా పడలేదు, బండికి ఇదే అసలు మొదటి వానాకాలం. ఒక బుధవారం నేను బస్తాలు దించుతుంటే దాదా అలవాటుగా ఒక బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. చప్పుడు రాలేదు. మొహం ముడిచి, "మెత్తబడిపోయింది భాభీ. ఏమైంది ఈమెకి?" అన్నాడు. కొట్లో ముగ్గురో నలుగురో బేరగాళ్ళున్నారు. అందరూ నా వంక చూశారు.

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నాలుక మీదే ఉన్నట్టుంటుంది. "వానలు కదా దాదా, తడి కట్టెలతో ఇసక సరిగ్గా కాగదు. సగం వేపి బస్తాకెత్తేసి ఉంటుంది" అన్నాను. ఆమె పొయ్యి నేను చూసింది లేదు, ఆమె కట్టెలు తడిసాయో లేదో తెలీదు. నా వైపు చూస్తున్న కళ్ళు ఇంకో వైపు తిరగాలి, అంతే. తిరిగాయి. దాదా ఎర్ర పేలిక బస్తాలను కొట్టు వెనక్కి నెట్టి, మెషీన్ మురీ బస్తాను ముందుకు లాక్కున్నాడు. "ఇలా సగం పని చేసి పంపితే ఎలా? పేరు పోతే మళ్ళీ రాదని చెప్పు ఆమెకి" అన్నాడు.

ఇంటికొచ్చి డబ్బా ఊడుద్దామని చీపురు తీసుకుని ఎక్కాను. ముందు వైపు, క్యాబిన్ గోడకి ఆనుకుని, ఎడమ మూలలో అరచేతి మందాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. కొంచెం పచ్చగా, తుప్పు రంగులో ఉన్నాయి. నేను ఎప్పుడూ మురీ బస్తాలను ఆ మూల నుంచే పేరుస్తాను. కింది బస్తా ఆ నీళ్ళలోనే కూచుని బజారు దాకా వచ్చిందన్నమాట.

చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సిగ్గేసింది. వెంటనే బండి తిప్పుకుని గోల్‌బజార్ వెళ్ళి, దాదా, తప్పు నా బండిది అని చెప్పొచ్చు. చెప్పలేదు. ముందు ఈ కన్నం పట్టుకుంటాను, పూడుస్తాను, తర్వాత చెప్తాను అనుకున్నాను. ఉత్త చేతులతో వెళ్ళి తప్పు ఒప్పుకోవడం నా ఒంటికి పడదు.

మధ్యాహ్నం సైరన్ మోగాక మా ఆయన భోజనానికి వచ్చాడు. ఆయన మా మేనమామ కొడుకు, బావ వరసే అయినా చిన్నప్పటి నుంచీ మావా అనే పిలుస్తాను. మూల చూపించాను. వంగి, వేలితో తడి తీసి చూసి, "తుప్పు నీరే ఇది. ముందర గోడా, కప్పూ కలిసిన కాడ అతుకు విడిపోనాది" అని తేల్చేశాడు. సాయంత్రం అతుకు పొడుగునా బయటి వైపు సందులు పూడ్చే నల్లటి సీలు పూశాడు. మర్నాడు వాన పడింది. మూలలో నీళ్ళు.

"అయితే కింద నుంచి వొస్తన్నాది. సక్రం జిమ్మిన నీరు బోల్టు కన్నాల్లోంచి ఎక్కుతాది" అన్నాడు. కిందికి దూరి కన్నాలన్నిటికీ రబ్బరు ముక్కలు కొట్టాడు. ఆ మర్నాడు బండి ఇంటి ముందే ఉంది, చక్రం ఒక్క చుట్టు తిరగలేదు. వాన పడింది. మూలలో నీళ్ళు.

"కదలని సక్రం నీళ్ళెలా జిమ్మింది మావా?" అని అడిగాను. మా ఆయన గబగబా అన్నం తినేసి సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

బస్తాల మీద టార్పాలిన్ కప్పి తోలొచ్చు కదా అంటారు. కప్పి చూశాను. ఈ ఉక్కలో టార్పాలిన్ కింద ఆవిరి పట్టి, నీటి బొట్టు తగలకుండానే మురీ మెత్తబడింది. ఆ బస్తాను కొట్టుకు తీసుకెళ్ళకుండా దీదీకే వెనక్కి తీసుకెళ్ళాను. ఆమె గుప్పెడు తీసి నలిపి చూసి, బస్తా లోపల పెట్టుకుంది. మా ఇద్దరి మాటా సగం బెంగాలీ, సగం హిందీ, ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. "బండికి చిన్న రిపేరు దీదీ. రెండు రోజులు ఆగు" అన్నాను. "వేయించిన మురీ వానాకాలంలో రెండు రోజులు ఆగుతుందా బోన్?" అంది. బోన్ అంటే చెల్లీ అని. ఆమె ఇంట్లో గోడ వారన నాలుగు బస్తాలు నిలబడి ఉన్నాయి. నాలుగింటికీ ఎర్ర పేలికలు.

శనివారం దాదా ఫోన్ చేశాడు. "బుధవారం దాకా చూస్తాను భాభీ. ఆ రోజు వచ్చే బస్తా కరకరలాడకపోతే ఇక ఆమె సరుకు నాకొద్దు. మెషీన్ వాడు రోజూ వచ్చి అడుగుతున్నాడు" అన్నాడు. ఆమె సరుకు తీసుకునే కొట్టు అదొక్కటే. ఫోన్ పెట్టేసి మా ఆయనతో చెప్పాను, "రేపు ఆదివారం. తినేది లేదు, తొంగునేది లేదు. కన్నం దొరికే దాకా ఇద్దరం ఆ డబ్బాలోనే."

మా ఆయన మొహం వెలిగింది. మూడు తరాల విద్య ఇన్నాళ్ళకి పెళ్ళాం అడిగింది కదా. బాగుచేసిన రైలు పెట్టెను బయటికి పంపే ముందు వర్క్‌షాపులో దాని మీద నీళ్ళు కొట్టి చూస్తారట. లోపల ఒక మనిషి, బయట ఒక పైపు. లోపల నేల మీద తెల్ల పొడి జల్లుతారు, ఒక్క చుక్క పడినా మచ్చ కనిపించేలాగ. ఆయన గట్టిగా పట్టుకున్న సూత్రం ఇంకొకటుంది. నీళ్ళు కింద నుంచి పైకి కొట్టాలి. "పై నుంచి పోసేవంటే నీరు అన్ని సోట్లా కారతాది, ఏది దారో తెలీదు. కింద మొదలెట్టి ఒక్కో జానా పైకి రావాల. ఎక్కడ కారితే అక్కడే దొంగ" అన్నాడు.

తెల్ల పొడి కోసం వెతికితే సుద్ద దొరకలేదు. అమ్మవారికి చేసే మాతా పూజకు గోడకి వెల్ల వేయగా మిగిలిన సున్నం పొడి మూటలో ఉంది. అదే జల్లాం. పేరంటానికి ముగ్గు వేసినట్టు డబ్బా నేలంతా తెల్లబడింది. నేను మూలన పీట వేసుకుని, టార్చి పట్టుకుని కూచున్నాను. మా ఆయన బయట తలుపులు మూసి, కుళాయికి పైపు తగిలించాడు.

ముందు చక్రాల దగ్గర. పది నిమిషాలు. తర్వాత ఎడమ గోడ, కింది సగం. పది నిమిషాలు. తర్వాత పై సగం. లోపల చీకటి, ఉక్క, రేకు మీద నీళ్ళ మోత. గొంతులో సున్నం. "ఏటైనా కారిందేటే?" అని బయటి నుంచి అరుపు. "లేదు, కానీ" అని నా అరుపు. కుడి గోడ. ముందు గోడ. కప్పు అంచులు. చివరికి కప్పంతా. రెండు గంటలు పట్టింది. నేను కొప్పు నుంచి కాళ్ళ దాకా తెల్లబడి దిగాను. నేల మీద ఒక్క మచ్చ పడలేదు.

"సూసినావా? నా సీలే పనిసేసింది. బాగైపోనాది బండి" అని మా ఆయన పైపు చుట్టుకుంటూ పాట అందుకున్నాడు. నాకు నమ్మకం కలగలేదు. మామూలు వానకే మూడు రోజులు కారిన బండి, ఇవాళ ఇంత నీళ్ళు పోస్తే ఎందుకు కారలేదు? దొంగ పారిపోయాడా, మేం వెతకని చోట ఉన్నాడా? సున్నం ఊడవొద్దన్నాను. బండిని ఎప్పటిలాగే క్వార్టరు ముందు నిలిపాను. మా సందు కొంచెం వాలు. బండి ముక్కు పల్లానికి పెట్టి ఆపడం నాకు అలవాటు.

సోమవారం పదకొండు గంటలకు ఆకాశం విరుచుకుపడింది. గంటన్నర కుండపోత. వెలిసీ వెలవగానే గొడుగు కూడా లేకుండా పరిగెత్తి తలుపు తీశాను. తెల్లటి సున్నం మీద, అదే ఎడమ మూలలో, చాటంత మరక. తుప్పు రంగు కాదు. ఎర్రగా, చిక్కగా.

భోజనానికి వచ్చిన మా ఆయన నా భుజం మీద నుంచి తొంగి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఓలమ్మో, నెత్తురేటే!"

"బల్లి కూడా లేదు లోపల, నెత్తురెక్కడిది?"

"అయితే ఎవుడిదో కన్ను తగిలీసింది. నువ్వు ఆ బండి మీద ఊరంతా ఊరేగుతుంటే తగలదేటి? బేగి ఎర్రనీళ్ళు కలిపి దిష్టి తియ్యి."

నేను నిజంగానే వంటింటి వైపు నాలుగడుగులు వేశాను. పళ్ళెంలో నీళ్ళు పోయాలి, పసుపు వేయాలి, చిటికెడు సున్నం వేయాలి, ఎర్రబడుతుంది. పెళ్ళైన నాటి నుంచీ ఎన్ని వందల సార్లు కలిపానో. అక్కడే ఆగిపోయాను. ఎర్రనీళ్ళు కలపడం దేనికి? బండిలో ఎవరో ముందే కలిపి పెట్టారు. సున్నం మేం జల్లాం. మరి పసుపెవరు వేశారు?

ఇక్కడ మా తోరణం సంగతి చెప్పాలి. విశ్వకర్మ పూజ రోజున ఈ ఊళ్ళో రిక్షా నుంచి రైలింజను దాకా అన్నిటికీ పూజ జరుగుతుంది. బెంగాలీ వాళ్ళు బండికి పూలదండ వేస్తారు, వాడిపోతే తీసేస్తారు. మేం తోరణం కడతాం. పసుపు తాడుకి మామిడాకులు గుచ్చి వెనక తలుపు పైన కట్టి, మళ్ళీ ఏడాది పూజ దాకా విప్పం. ఆకులు ఎండి రాలిపోయినా తాడు ఉండాలని మా అత్తగారి మాట. ప్రతి శుక్రవారం ఆ తాడుకి పసుపు నీళ్ళు పట్టించి, కుంకుమ అద్ది, ఆ తర్వాతే నేను బండి తాళం తిప్పుతాను. దాన్ని ఇంకెవరినీ ముట్టనివ్వను.

వెనక్కి వెళ్ళి డబ్బాలో నిలబడి పైకి చూశాను. తలుపు పైన, లోపలి వైపు, రెండు చోట్ల పసుపు తాడు ముడులు. రోజూ కనబడేవే. చెయ్యి చాచి ఒక ముడి పట్టుకున్నాను. పిండితే నీళ్ళొచ్చాయి. వేళ్ళు పచ్చబడ్డాయి.

అంతా గుర్తొచ్చింది. కిందటేడు పూజ నాడు తోరణం కడితే బండి తోలగానే ఎగిరిపోయింది. మళ్ళీ కట్టాను, మళ్ళీ పోయింది. కొత్త బండికి తోరణం నిలవకపోవడం ఏమిటని ఒళ్ళు మండింది. మా ఆయనది డ్రిల్లు మెషీను తెచ్చి, కప్పు అంచున ఉన్న ఇనప గొట్టానికి ఈ వైపు నుంచి ఆ వైపుకు రెండు కన్నాలు నేనే పెట్టాను. తాడు దూర్చి లోపల ముడి వేశాను. "కన్నం పెట్టినోడు సీలు పెట్టి దిగాల, మా షాపులో రూలు" అని మా ఆయన నల్ల సీలు డబ్బా పట్టుకుని వచ్చాడు. "దేవుడి తాడుకి ఆ కంపు కొట్టే జిగురు పూస్తావా?" అని తరిమేశాను. ఆ గొట్టం లోపల బోలుగా ఉంటుంది, కప్పు చుట్టూ తిరిగి ముందు మూల దాకా పోతుంది. వాన నీళ్ళను తాడు లోపలికి లాగింది. మా సందు వాలుకి నీళ్ళు గొట్టం వెంట ముందుకు నడిచి, మూలలో లోపలి వైపు అతుకు సందున దిగాయి. తుప్పు తుప్పు అని మేం మూడు రోజులు చూసింది నేను రాసిన పసుపే.

"మరి నిన్న రెండు గంటలు నీళ్ళు కొట్టావు కదా మావా. ఇక్కడెందుకు కారలేదు?" అని అడిగాను.

ఆయన నేల చూపులు చూశాడు. "ఆ ఒక్క సోటే ఒగ్గేసినాను. కాలవలో పడిన పైపది. ఆ నీళ్ళు తోరణం మీద పడితే నువ్వు నన్ను బతకనిస్తావేటి? ప్లాస్టిక్ కవరు సుట్టీసి, అయ్యాక తీసీసినాను."

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫిట్టరు, చేతిలో ఉన్న ఒక్క విద్య, నా నోటికి భయపడి సరిగ్గా ఆ జానెడు చోటే వదిలేసింది. ఆయన్ని అనడానికి నాకు మొహం లేదు.

చెంపలు వేసుకుని ముడులు నేనే విప్పాను. గొట్టంలో ఉన్నంత మేరా తాడు మెత్తగా, పచ్చగా నానిపోయి ఉంది. మందార మొక్క మొదట్లో పెట్టాను. సాయంత్రం మా ఆయన కన్నాలకు రెండు వైపులా రబ్బరు వాషర్లు పెట్టి, బోల్టులు బిగించి, తన నల్ల సీలు దట్టంగా పూశాడు. ఈసారి ఆ సీలు డబ్బా నేనే పట్టుకున్నాను. మంగళవారం ఆయన రెండు గంటలు పర్మిషన్ తీసుకుని తొందరగా వచ్చాడు. కొత్త సున్నం జల్లి, కింద నుంచి పైకి, ఏ చోటూ వదలకుండా మళ్ళీ నీళ్ళు కొట్టాం. తలుపు పైన అరగంట కొట్టించాను. పొడి పొడిగానే ఉంది.

బుధవారం పొద్దున వాన పడుతుండగానే దీదీ పల్లెకు వెళ్ళాను. గుమ్మంలో కొత్తగా వేయించిన బస్తా ఒక్కటే సిద్ధంగా ఉంది. గోడ వారనున్న నాలుగూ మెత్తబడిపోయాయట, పశువులకు పెట్టేసిందట. "బండి బాగైంది దీదీ, ఎక్కించు" అన్నాను. ఆమె కదల్లేదు. "మొన్న చిన్న రిపేరు, రెండు రోజులే అన్నావు. నేను చూడాలి" అంది. బస్తాను వీపుతో అడ్డం కాచి డబ్బాలో పెట్టి, తనూ ఎక్కి దాని పక్కనే కూచుంది. "నువ్వూ రా. తలుపు వెయ్యి."

వేశాను. చీకట్లో ఇద్దరం ఆ ఎడమ మూలలోనే కూచున్నాం. నా ఫోన్ లైటు కప్పు మీదికి పెట్టింది ఆమె. రేకు మీద వాన దబదబ కొడుతోంది. ఆమె అరచేత్తో నేల తడుముతుంది, గోడ తడుముతుంది, బస్తా అడుగు తడుముతుంది, మళ్ళీ మొదలు. ఎంతసేపో. ఒక్క చుక్క లేదు.

"దీదీ, నేనొక మాట అన్నాను" అన్నాను. వాన మోతలో నా మాట నాకే వినబడలేదు. ఆమె చెవి ముందుకు పెట్టింది. "కొట్లో అన్నాను. నువ్వు తడి కట్టెలతో సగం వేపి పంపిస్తున్నావని."

"గట్టిగా చెప్పు."

గట్టిగా అరిచి చెప్పాను. జీవితంలో అంత గట్టిగా నా తప్పు నేను ఎప్పుడూ చెప్పుకోలేదు. చెప్పి, ఆ కన్నం పెట్టింది కూడా నేనే అని చెప్పాను.

ఆమె లైటు కిందికి దించింది. "కట్టెల మాట నాకు తెలుసు. ఆ రోజే దాదా ఫోన్ చేసి అడిగాడు, దీదీ, తడి కట్టెలటగా అని. నా కట్టెలు పొయ్యి పైన అటక మీద ఉంటాయి. చైత్రంలో ఎండబెట్టినవి."

"తెలిసి కూడా నా బండికే బస్తా ఇచ్చావా?"

"ఈ ఊరికి ఇంకే బండి వస్తుంది?" అంది.

కోపంగా అనలేదు. తలుపు ఎటు వైపు అని అడిగితే చెప్పినట్టు చెప్పింది. ఆమె నన్ను తిట్టి ఉంటే నా గుండె అంత బరువెక్కేది కాదు. క్షమించమన్నాను. ఆమె తలుపు తోసుకుని దిగుతూ, "ఎక్కడ అన్నావో అక్కడ చెప్పు. నేనూ వస్తాను" అంది.

క్యాబిన్‌లో నా పక్కన కూచుని వచ్చింది. దారంతా వాన. గోల్‌బజార్‌లో రిక్షాల మధ్య బండి ఆపి, బస్తా నేనే భుజాన వేసుకుని కొట్లోకి నడిచాను. కొట్టు నిండా జనం. దాదా ఎవరికో పప్పు తూస్తున్నాడు. ఆయన చెయ్యి ఖాళీ అయ్యేదాకా ఆగితే నా ధైర్యం ఆగదని తెలుసు.

"దాదా, మొన్న మురీ మెత్తబడింది నా బండి వల్ల. కప్పుకి కన్నం పెట్టింది నేను. నీళ్ళు అందులోంచి వచ్చాయి. ఈమె కట్టెలు నేను చూడనే లేదు. అబద్ధం చెప్పాను."

తక్కెడ ఆగింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "లగేజీ బండి భాభీ" అని ఇంకెవరో అన్నారు. చెవులు వేడెక్కాయి గానీ నిలబడ్డాను. దాదా నా వంకా, దీదీ వంకా చూసి, ఎర్ర పేలిక విప్పి, గుప్పెడు తీసి నోట్లో వేసుకున్నాడు. కరకర చప్పుడు నా దాకా వినిపించింది. రెండో గుప్పెడు తీసుకున్నాడు. "ఠీక్ హై" అని మెషీన్ మురీ బస్తాను కాలితో పక్కకు జరిపి, ఎర్ర పేలిక బస్తాను ముందుకు లాగాడు.

నేను వెళ్ళబోతుంటే దీదీ నా చెయ్యి పట్టుకుని ఆపింది. బస్తాలోంచి గుప్పెడు తీసి నా దోసిట్లో పోసింది. "తిను" అంది.

"నేను మోసే సరుకు నేను తినను దీదీ. నా నియమం."

"తినకుండానే సగం వేపానని చెప్పావు కదా."

కొట్లో అందరూ వింటున్నారు. ఏడాది నుంచి ఆమె బస్తాలు మోస్తున్నాను. ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. అది గొప్ప అనుకున్నాను. మా ఇంట్లో తినేది పాకెట్లో వచ్చే మెషీన్ మురీయే. దోసిలి నోటికి ఎత్తాను. కాగిన ఇసక వాసన, కొంచెం ఉప్పు. పళ్ళ కింద కరకరలాడుతుంటే ఆ చప్పుడు తలంతా నిండిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దీదీ నా నోటి వంకే చూస్తోంది.

"బాగుంది" అన్నాను.

"గట్టిగా చెప్పు" అంది.